మనిషిని చంపిన బూ రాడ్లీని అమాయకుడు అని ఎలా అంటాం?

ఎడిసన్_అమ్మ:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ న్యూజెర్సీలో తొమ్మిదో తరగతి. వాళ్లకి ఇప్పుడు హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’ నడుస్తోంది, వాడు చదువుతుంటే నేనూ పట్టుకుని మొత్తం చదివేశాను. అందులో ఏళ్ల తరబడి ఇంట్లోంచి బయటికి కనబడని పొరుగింటి మనిషి బూ రాడ్లీ అమాయకత్వానికి ప్రతీక ఎలా అయ్యాడో వివరిస్తూ వాడు వ్యాసం రాయాలి.

వాడి డౌట్ ఇది. “అమ్మా, అతను చివర్లో పిల్లల మీద పడ్డ బాబ్ ఎవెల్‌ని వంటింటి కత్తితో పొడిచి చంపాడు. అంతకుముందు తన సొంత నాన్న కాల్లో కత్తెర దించాడని ఊరంతా చెప్పుకుంటారు. మరి అమాయకుడు ఎలా అవుతాడు?” క్లాసులో చెప్పిన జవాబు ఏంటంటే, మాకింగ్ బర్డ్ అనే పిట్ట ఎవరి జోలికీ పోకుండా పాడుకుంటూ ఉంటుంది, దాన్ని చంపడం పాపం, బూ కూడా అలాంటివాడే అని. అది వాడికి ఎక్కలేదు, నాకూ ఎక్కలేదు. పిట్ట ఎవర్నీ పొడవదు కదా.

ఇంకో సందేహం కూడా ఉంది. ఏళ్ల తరబడి ఇంట్లోంచి బయటికి రాలేదు కాబట్టి లోకం తెలియని పసివాడిలా ఉండిపోయాడు, అందుకే అమాయకుడు అని రచయిత్రి ఉద్దేశమా? అలా అయితే నాకు కొంచెం బాధగానే ఉంది. మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తే మంచివాడుగా మిగిలిపోతాడని చెప్పినట్టు అవుతుంది. బాగా చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి. 1962లో వచ్చిన సినిమా వాడికి ముందే చూపించమంటారా, వ్యాసం అయ్యాకనా?

వేపచెట్టు_నీడ:

మంచి ప్రశ్న అండి. నేను డిగ్రీలో ఇంగ్లీష్ చెప్తాను, మా పిల్లలు కూడా ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే అందరూ పిట్ట దగ్గర మొదలుపెడతారు. పిట్టని కాసేపు పక్కన పెట్టి, బూ గురించి మనకి ఏం తెలుసు, ఎవరి ద్వారా తెలుసు అని చూడమనండి మీ బాబుని.

నవలలో 31 అధ్యాయాలు ఉంటే అతను మన కళ్లెదుటికి వచ్చేది 29లో. అప్పటిదాకా అతని గురించి రెండు రకాల సమాచారమే ఉంది, ఊరివాళ్లు చెప్పే మాటలు, అతను వదిలిపెట్టిన వస్తువులు. మాటల సంగతి మొదటి అధ్యాయంలోనే వస్తుంది. ఆరున్నర అడుగుల మనిషి, ఉడతల్నీ పిల్లుల్నీ పచ్చిగా తింటాడు, చేతులకి ఎప్పుడూ నెత్తుటి మరకలు, చలికి పూలమొక్కలు మాడిపోతే అతను వాటిమీద ఊపిరి వదిలాడు కాబట్టే. రాడ్లీల పెరట్లోంచి బడి ఆవరణలో రాలిన కాయలు పిల్లలు ముట్టుకోరు, తింటే చస్తారని. ఆ ఇంట్లో బంతి పడితే ఇక దాన్ని మర్చిపోవడమే. కత్తెర కథ కూడా ఈ మాటల ఖాతాలోదే, కథ చెప్పే చిన్నపిల్ల స్కౌట్ వాళ్ల అన్న జెమ్ దాన్ని వీధిలో వదంతులు మోసే స్టెఫనీ క్రాఫర్డ్ దగ్గర విన్నాడు. జరగలేదని నేను అనను, ఏదో జరిగే ఉంటుంది, కానీ మన చెవికి చేరిన దారి అది.

ఇక వస్తువులు. ఆ ఇంటి అంచున ఉన్న ఓక్ చెట్టు తొర్రలో స్కౌట్‌కి మొదట రెండు చూయింగ్ గమ్ ముక్కలు దొరుకుతాయి. తినేస్తుంది, జెమ్ కంగారుపడి ఉమ్మేయమంటాడు. తర్వాత ఒక చిన్న పెట్టె, ఉంగరాలు పెట్టుకునేలాంటిది, దానిమీద గమ్ కాగితాల మెరుపు రేకులు అతికించి ఉంటాయి, లోపల తోమి తళతళలాడించిన రెండు పాత పెన్నీలు. ఇక్కడ ఆగమనండి. గమ్ కాగితాలు పారేయకుండా దాచి, వాటిని ముక్కలుగా చింపి, పెట్టెకి ఒక్కోటీ అతికించి, పెన్నీలు తోమి, చీకటి పడ్డాకో ఎవరూ లేనప్పుడో చెట్టుదాకా వచ్చి పెట్టి వెళ్లాలంటే ఎంత ఓపిక కావాలి, ఎంత ఇష్టం ఉండాలి! ఆ తర్వాత దారపు ఉండ, ఆ తర్వాత సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు. ఒకటి నిక్కరు వేసుకున్న అబ్బాయి, రెండోది నుదుటిమీద జుట్టు కత్తిరించుకున్న అమ్మాయి. జెమ్ ఆ బొమ్మని చూసి చెల్లెల్ని చూస్తాడు, ఇవి మనమే అని తెలిసిపోతుంది. కిటికీ సందులోంచి పిల్లల్ని ఎంత శ్రద్ధగా చూసి ఉంటే ఆ పోలిక వస్తుంది? ఇంకా గమ్, పాత పతకం, నడవని గడియారం. గడియారం నడవదు, కానీ అతని దగ్గర ఉన్నవాటిలో విలువైనది అదే అయి ఉంటుంది.

ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే మీ బాబు వ్యాసంలో సగం రాసేసినట్టే. మాటల్లో ఉన్న మనిషికీ వస్తువుల్లో ఉన్న మనిషికీ ఎక్కడా పొంతన లేదు. ఊరు భయపడింది తను అల్లుకున్న మనిషికి.

మీ రెండో సందేహానికి వస్తా. లోకం తెలియని పసితనం కాదండి అది. పిల్లలు అతని జీవితాన్ని నాటకంగా ఆడి వెక్కిరిస్తున్నారని అతనికి తెలుసు, కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. కంచె కిందనుంచి దూరి రాత్రిపూట తొంగిచూడ్డానికి వచ్చారనీ తెలుసు. ఆ రాత్రి జెమ్ ప్యాంటు కంచెకి చిక్కుకుని చిరిగితే అక్కడే విప్పేసి పారిపోతాడు, తిరిగి వెళ్లేసరికి అది కుట్టి, మడతపెట్టి కంచెమీద ఉంటుంది. కుట్లు వంకరటింకరగా ఉన్నాయట, కుట్టుపని రాని మనిషి చీకట్లో కూర్చుని కుట్టినట్టు. తనని ఏడిపించడానికి వచ్చిన పిల్లాడు ఇంట్లో దెబ్బలు తినకూడదని కుట్టాడు. తెలిసీ పగ పెట్టుకోకపోవడాన్నే నేను అమాయకత్వం అంటాను, ఆ రచయిత్రి కూడా దాన్నే చూపించిందని నా నమ్మకం.

చంపడం సంగతికి వస్తే, బాబ్ ఎవెల్ హాలోవీన్ రాత్రి దారికాసి పిల్లల మీద పడ్డాడు, జెమ్ చెయ్యి విరిచాడు. అన్నేళ్లు ఎవరి కంటా పడని మనిషి పిల్లల అరుపులు విని వంటింట్లో దొరికిన కత్తితో పరిగెత్తుకొచ్చాడు. ఆ పని చేసింది ఆ పెన్నీలు తోమిన చేతులే. హాని చేయడం చేతకానివాడే అమాయకుడు అనుకుంటే బూ ఆ లెక్కలోకి రాడు, కానీ అతనిలో ద్వేషం అనేది ఏ పేజీలోనూ కనబడదు. బాబుని ఇదే వాదనగా పెట్టి రాయమనండి, “అమాయకుడే కానీ చంపాడు” అని సర్దిచెప్పుకోకుండా.

ఎర్రమన్ను:

పైన చెప్పినవాటితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ బూ ఒక్కడి గురించే రాస్తే వ్యాసం సగమే అవుతుంది అని గట్టిగా చెప్పాలనిపించింది. ఎందుకంటే ఆ పుస్తకంలో ఏ తప్పూ చేయని మనిషి ఇంకొకడు ఉన్నాడు, టామ్ రాబిన్సన్ అనే నల్లవాడు, బాబ్ ఎవెల్ కూతురు మయెల్లా మీద అత్యాచారం చేశాడని అబద్ధపు కేసు పెట్టారు. అతని విషయంలో ప్రతీకలతో పని లేదు, కోర్టులో రుజువు చేసి చూపించారు. మయెల్లా ముఖానికి కుడివైపు దెబ్బలు, కొట్టినవాడు ఎడమచేతి వాటం అయి ఉండాలి, టామ్ ఎడమ చెయ్యి చిన్నప్పుడే పత్తి జిన్నులో పడి పనికిరాకుండా పోయింది. బాబ్ ఎవెల్ది ఎడమచేతి వాటం. ఇంతకంటే ఏం కావాలి? అయినా జ్యూరీలో ఉన్న తెల్ల మగవాళ్లు దోషి అన్నారు. తర్వాత జైలు ఆవరణలో కంచె ఎక్కి పారిపోబోయాడని కాల్చేశారు, ఒంట్లో 17 గుళ్లు దిగాయి.

ఇప్పుడు బూని చూడండి. నిజంగానే చంపాడు. షెరిఫ్ హెక్ టేట్ మాత్రం ఎవెల్ తన కత్తిమీద తనే పడ్డాడని పట్టుబట్టి కేసు అక్కడితో మూసేశాడు. నాకు ఆ నిర్ణయం మీద కోపం లేదు, బూని బజారుకీడ్చాలని నేనూ కోరుకోను. కానీ అదే ఊళ్లో, అదే షెరిఫ్ ఉండగానే, ఒకరి కోసం చట్టం ఇంత మెత్తగా వంగింది, ఇంకొకరికి రుజువులు చూపించినా వంగలేదు. తేడా ఒంటి రంగులో ఉంది. మొదటి అధ్యాయంలోనే ఒక చిన్న ముక్క ఉంది, చాలామంది దాటేసి వెళ్తారు, కత్తెర గొడవ తర్వాత బూని నల్లవాళ్లతో కలిపి జైల్లో పెట్టడానికి మనసొప్పక కోర్టు నేలమాళిగలో పెట్టారట. అంటే ఊరు అతన్ని దయ్యం అని చెప్పుకునే రోజుల్లో కూడా తెల్లవాడిగా అతనికి దక్కాల్సిన మినహాయింపు దక్కుతూనే ఉంది.

ఇదంతా ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. కథ నడిచేది 1930ల అలబామాలో. 1931లో అదే రాష్ట్రంలో స్కాట్స్‌బరో కేసు జరిగింది, రైల్లో వెళ్తున్న తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్ల అమ్మాయిలతో అత్యాచారం చేశారని అబద్ధపు కేసు పెట్టి, మొదటి విచారణలోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేశారు. పుస్తకం వచ్చింది 1960లో, పౌర హక్కుల ఉద్యమం నడుస్తుండగా. అది చదివిన పాఠకులకి టామ్ విచారణ పాత కథలా అనిపించి ఉండదు.

ఇంకో మాట, బాధతోనే చెప్తున్నా. టామ్‌కి భార్య హెలెన్ ఉంది, పిల్లలున్నారు, పాపం మయెల్లాని చూస్తే జాలేసింది అని కోర్టులో నోరు తెరిచి చెప్పిన ధైర్యం ఉంది, ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది, నల్లవాడు తెల్లమనిషి మీద జాలిపడటమా అని. బూ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని పుస్తకమంతా ఎదురుచూస్తాం. టామ్ ఇంటి లోపలికి మాత్రం పాఠకుడికి ప్రవేశమే లేదు, హెలెన్ కూలబడిపోయిన దృశ్యం కూడా ఇంకొకరు చెప్తే వింటాం. అమాయకత్వానికి గుర్తు ఎవరు అంటే మనకి తెల్ల చేతుల బూ ముందు గుర్తొచ్చి, టామ్ తర్వాత గుర్తొస్తే, అది మన చదువులో ఉన్న లోపమా, పుస్తకం కట్టిన తీరులో ఉన్న లోపమా? మీ బాబు ఈ ప్రశ్న వేసుకుని ఒక పేరా రాసినా ఆ వ్యాసానికి బలం వస్తుంది.

నిదానంగా:

ఎర్రమన్ను గారు చెప్పినది కాదనలేం. నేను ఇంకోవైపు నుంచి ఒక మాట చెప్తాను. నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పనిచేస్తాను, బూకి ఫలానా జబ్బు ఉంది, ఫలానా లక్షణం ఉంది అని చర్చలు చూస్తుంటాను, దయచేసి మీ బాబుని ఆ దారిలోకి వెళ్లనివ్వకండి. పుస్తకంలో జబ్బు పేరు లేదు. అతన్ని లోపల పెట్టిన మనుషులు మాత్రం పేర్లతో సహా ఉన్నారు.

ఏకాంతం కోరుకున్నవాడు అని మనం తేలిగ్గా అనేస్తున్నాం. జరిగింది ఏంటి? కుర్రతనంలో స్నేహితులతో తిరిగి, కోర్టు బంట్రోతుని మరుగుదొడ్డిలో పెట్టి గడియపెట్టారు. మిగతా కుర్రాళ్లని వృత్తివిద్య నేర్పే బడికి పంపించారు, వాళ్లలో ఒకడు తర్వాత ఇంజనీరింగ్ కూడా చదువుకున్నాడు. ఆర్థర్‌ని (బూ అసలు పేరు) మాత్రం, ఇకమీదట నా కొడుకు ఎవరి జోలికీ పోడు అని మాట ఇచ్చి తండ్రి ఇంటికి తీసుకుపోయాడు. 15 ఏళ్లు అతను ఎవరికీ కనబడలేదు. బడికి పోయినవాళ్లు బాగుపడ్డారు, ఇంటికి పోయినవాడు మాయమయ్యాడు. ఆ తండ్రి శవాన్ని తీసుకెళ్తుంటే స్కౌట్ వాళ్ల (ఫించ్‌ల) ఇంట్లో వంటచేసే నల్లమనిషి కాల్పూర్నియా, తెల్లవాళ్ల సంగతులు నోరెత్తి మాట్లాడని మనిషి, ఇంత దుర్మార్గుణ్ణి దేవుడు ఇంకొకణ్ణి పుట్టించలేదు అనే అర్థం వచ్చేలా అని నేలమీద ఉమ్మేసింది. ఇక బూ బయటికి వస్తాడేమో అని వీధి అనుకుంటుండగానే అన్న నేథన్ వచ్చి తండ్రి స్థానంలో కూర్చున్నాడు.

చెట్టు తొర్రలో సిమెంటు కొట్టింది ఈ నేథనే. పిల్లలు థాంక్స్ చెప్తూ ఉత్తరం రాసి తొర్రలో పెడదామని వెళ్తే తొర్ర మూసేసి ఉంటుంది. చెట్టు చచ్చిపోతోంది, జబ్బు చేస్తే ఇలా పూడుస్తారు అని చెప్తాడు. జెమ్ వాళ్ల నాన్నని, అంటే టామ్ తరఫున వాదించిన లాయరు అటికస్‌ని అడిగితే, చెట్టు పచ్చగా ఏపుగా ఉంది కదా అంటాడు ఆయన. ఆ సాయంత్రం జెమ్ చీకటిపడేదాకా వరండాలో నిలబడే ఉంటాడు, లోపలికి వచ్చాక ఏడ్చాడని స్కౌట్‌కి తెలుస్తుంది. నాకు ఆ పుస్తకంలో బాబ్ ఎవెల్ చేసిన దాడి కంటే ఈ సిమెంటే ఎక్కువ భయం పుట్టిస్తుంది. ఒక మనిషి బయటి ప్రపంచంతో మాట్లాడటానికి మిగిల్చుకున్న ఒకే ఒక్క సందుని సొంత అన్న, గొంతు పెంచకుండా, తాపీ పట్టుకుని పూడ్చేశాడు.

ఇంకోటి. నాలుగో అధ్యాయం చివర స్కౌట్ టైర్లో కూర్చుని దొర్లుకుంటూ రాడ్లీల గుమ్మం ముందు పడినప్పుడు ఇంట్లో ఎవరో నవ్వడం వింటుంది, ఎవరికీ చెప్పదు. బూ నవ్వాడు! పిల్లల ఆట చూసి నవ్వుకునే మనిషి అతను. అతన్ని దేవతని చేయాల్సిన పని లేదు, పిచ్చివాడిని చేయాల్సిన పని అంతకన్నా లేదు. అతనికి పిచ్చి ఉందంటారా అని స్కౌట్ అడిగితే పొరుగింటి మిస్ మాడీ ఏమంటుంది, ఇప్పటికి లేకపోతే ఆశ్చర్యపోవాలి అన్నట్టు మాట్లాడుతుంది. అదే నోటితో, చిన్నప్పుడు ఎప్పుడూ నాతో మర్యాదగా మాట్లాడేవాడు అని కూడా చెప్తుంది. ఊళ్లో అతన్ని ఆర్థర్‌గా గుర్తుపెట్టుకున్నవాళ్లు అతికొద్దిమంది, వాళ్లలో ఆమె ఒకరు.

ఎడిసన్_అమ్మ:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. వాడికి చదివి వినిపించాను. టామ్ గురించి ఒక పేరా పెడతానన్నాడు, వస్తువుల సంగతి మొత్తం రాస్తానన్నాడు. సిమెంటు దగ్గర కాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పుడు కొత్త ప్రశ్న పట్టుకొచ్చాడు. షెరిఫ్ అబద్ధం ఆడాడు కదా, అటికస్ లాంటి నిజాయితీపరుడు దానికి ఎలా ఒప్పుకున్నాడు, బూ కోర్టుకి వెళ్లినా ఆత్మరక్షణ లాంటిదే కదా, శిక్ష పడేది కాదు కదా అంటున్నాడు.

వేపచెట్టు_నీడ:

పిల్లాడు బాగా పట్టుకున్నాడు. శిక్ష పడదని షెరిఫ్‌కీ తెలుసు, అతని భయం వేరే. నిజం బయటపడితే మన మేకోంబ్ ఊళ్లో ఉన్న ఆడవాళ్లందరూ, నా పెళ్లాంతో సహా, కేకులు పట్టుకుని అతని తలుపు కొడతారు అంటాడు. నిన్నటిదాకా తిట్టిన నోళ్లే రేపు పొగుడుతూ గుంపుగా వస్తాయి, సిగ్గరి మనిషికి ఆ వెలుగు మోయలేని బరువు. అందుకే అతన్ని జనంలోకి లాగడం పాపం అంటాడు, స్కౌట్ దాన్ని మాకింగ్ బర్డ్‌ని కాల్చడంతో పోలుస్తుంది. పిట్ట అసలు బూ దగ్గరికి వచ్చేది ఇక్కడ, పొడవడం పొడవకపోవడం దగ్గర కాదు. అటికస్ మొదట జెమ్ చంపాడనుకుంటాడు, సొంత కొడుకునైనా దాచనని మొండిపట్టు పడతాడు, మాట్లాడుతున్నది బూ గురించి అని అర్థమయ్యాకే తగ్గుతాడు. సరైన పనేనా అంటే ఎర్రమన్ను గారి ప్రశ్న అక్కడే నిలబడి ఉంటుంది, దాన్ని తీర్చేయమని వాడికి చెప్పకండి, రెండూ రాయనివ్వండి.

సినిమా వ్యాసం అయ్యాకే చూపించండి. బూగా వేసింది రాబర్ట్ డువాల్, అతనికి అదే మొదటి సినిమా, చాలా బాగా చేశాడు, కానీ ఒక్క మాట కూడా మాట్లాడడు. పుస్తకంలో అతనికి ఒకే ఒక్క వాక్యం ఉంది, తనని ఇంటికి తీసుకెళ్తావా అని స్కౌట్‌ని అడుగుతాడు, సినిమాలో అదీ లేదు. మంచు పడిన రాత్రి మిస్ మాడీ ఇల్లు తగలబడటం, ఆ గొడవలో స్కౌట్ భుజాల మీద ఎవరో దుప్పటి కప్పి వెళ్లడం కూడా సినిమాలో ఉండదు. ఆ దుప్పటి ఎనిమిదో అధ్యాయంలో ఉంది, మీ బాబు వస్తువుల జాబితాలో అదీ చేర్చమనండి.